మస్లిన్ మనది కాదు... పందికొక్కు మనదే!

'ఇంగ్లిష్ భాషకు మీ ఊరు ఇచ్చిన మాట ఏదండీ?' అని బందరులో ఎవరినైనా అడిగి చూడండి. కాస్త చరిత్ర తెలిసినవారైతే తడుముకోకుండా 'మస్లిన్' అంటారు. మసూలీపట్నం నుంచి వెళ్లింది కాబట్టి మస్లిన్ అయిందట! ఉపన్యాసాల్లో, ఊరి చరిత్ర చెప్పుకునే కబుర్లలో ఈ మాట ఎన్నో ఏళ్లుగా చెలామణీలో ఉంది. వినడానికీ బాగుంటుంది. ఉంగరంలోంచి దూరిపోయేటంత పలచని బట్ట పేరు మన ఊరిదంటే ఎవరికి చేదు?

చిక్కల్లా ఒక్కటే. అది నిజం కాదు.

అలాగని బందరు తీరం ఇంగ్లిష్‌కు ఏమీ ఇవ్వలేదని కాదు. ఆక్స్‌ఫర్డ్ మొదలు వెబ్‌స్టర్ దాకా పేరున్న నిఘంటువులన్నీ 'ఇది తెలుగు మాట' అని ముక్తకంఠంతో చెబుతున్న పదం ఒకటుంది. మనదని చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. అదేం పట్టుబట్ట కాదు, పన్నీరూ కాదు మరి. గాదె కింద బొరియ చేసుకుని బతికే పందికొక్కు! ఇంగ్లిష్‌వాళ్ల బాండికూట్!

టైగ్రిస్ ఒడ్డు బట్ట

ముందు మస్లిన్ సంగతి తేల్చుకుందాం. కృష్ణా ముఖద్వారం ప్రాంతం పాశ్చాత్యులకు కొత్తేమీ కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన 'ఎరిథ్రియన్ సముద్రపు పెరిప్లస్'లో 'మసాలియా' అనే తీరం ఉంది. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన భూగోళంలో 'మైసోలియా' అనే దేశం, 'మైసోలస్' అనే నది ఉన్నాయి. ఆ నది మన కృష్ణేనని ఎక్కువమంది పండితుల మాట. ఆయన చెప్పిన 'కంటకోస్సిల' రేవు దివిసీమ పక్కనున్న ఘంటసాల అంటారు. అంతవరకూ మనం గర్వపడొచ్చు.

మసాలియాలో బట్టలు విరివిగా నేస్తారని పెరిప్లస్ రాసినాయన చెప్పాడు. 1912లో షాఫ్ అనే పండితుడు దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు ఆ చోట 'మస్లిన్లు' అని రాశాడు. మసాలియా, మస్లిన్... రెండూ ఒకే వాక్యంలో కనిపించేసరికి ఇంకేం కావాలి? కానీ గ్రీకు మూలంలో ఉన్న మాట 'సిందొనెస్'. అంటే సన్నని వస్త్రాలు. మస్లిన్ అన్నది అనువాదకుడు వాడిన మాటేగానీ ఆనాటి నావికుడు వాడింది కాదు.

మరి మస్లిన్ ఎక్కడిది? ఇరాక్‌లో టైగ్రిస్ నది ఒడ్డునున్న మోసుల్ నగరానిది. మోసుల్‌లో తయారయ్యే జరీ, పట్టు వస్త్రాలను ఆ ఊరి పేరుతోనే పిలుస్తారని 13వ శతాబ్దంలోనే మార్కోపోలో చెప్పాడు. ఆ పేరు ఇటలీలో 'ముస్సొలినా', ఫ్రాన్స్‌లో 'ముస్సెలీన్' అయి, 17వ శతాబ్దానికి ఇంగ్లిష్‌లో మస్లిన్‌గా కుదురుకుంది. విచిత్రమేమిటంటే అదే మార్కోపోలో మన మోటుపల్లి రేవు గురించీ రాశాడు. అక్కడి బట్టలు సాలెగూడులా ఉంటాయని మెచ్చుకున్నాడు. బట్ట మనదే, పేరు పరాయిది అన్నమాట! పేరు కలిసినంత మాత్రాన గోత్రం కలవదు.

గొడౌన్ మాటలో మాత్రం మనకు కొంత వాటా ఉంది. మలయ్ భాషలోని 'గుదాంగ్' నుంచి ఇంగ్లిష్ దాన్ని తీసుకుంది. ఆ గుదాంగ్‌కు మూలం మన గిడ్డంగి, తమిళుల కిడంగు కావచ్చని నిఘంటువులు చెబుతాయి. గుడివాడ రైసుమిల్లు ముందు లారీ ఆపి, గొడౌన్ ఎక్కడని అడిగే డ్రైవరు సముద్రం దాటి తిరిగొచ్చిన మాటనే పలుకుతున్నాడేమో! కానీ ఇక్కడ 'కావచ్చు' ఉంది. పందికొక్కు దగ్గర 'కావచ్చు' లేదు.

అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి

పందికొక్కు అన్న మాటలో పంది స్పష్టంగా వినిపిస్తుంది. బాండికూట్‌లో అదెక్కడికి పోయింది? దీనికో చిన్న పరీక్ష ఉంది. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని ఇంగ్లిష్‌వాళ్లలా 'పెన్' అని పలకండి. గాలి చేతికి తగులుతుంది. ఇప్పుడు మామూలుగా 'పంది' అనండి. గాలి తగలదు. మాట మొదట్లో గాలి ఊదకుండా పలికిన 'ప' ఇంగ్లిష్ చెవికి 'బ'లా వినిపిస్తుంది. అలా పంది కాస్తా బాండి అయింది.

ఇక కొక్కు 'కూట్' ఎలా అయిందంటారా? తెలియని మాట వినగానే మనిషి చెవి దాన్ని తనకు తెలిసిన మాట మీదికి లాక్కుంటుంది. ఇంగ్లిష్‌లో కూట్ అంటే నుదుటి మీద తెల్లమచ్చ ఉండే నీటికోడి. చలికాలంలో గుడివాడకు పైనున్న కొల్లేట్లో గుంపులుగా కనిపిస్తుంది. దొరగారి చెవికి కొక్కు కంటే కూట్ దగ్గర చుట్టం కదా! మనం మాత్రం తక్కువ తిన్నామా? హాస్పిటల్‌ని ఆసుపత్రి చేయలేదూ!

ఇలా వంకర్లు తిరిగిన మాటలన్నిటినీ పోగుచేసి హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అనే ఇద్దరు పెద్ద నిఘంటువు కూర్చారు. బర్నెల్ మద్రాసు రాజధానిలో జడ్జీగా పనిచేసినవాడు. పుస్తకం 1886లో వెలువడేనాటికి ఆయన లేడు. దాని పేరు 'హాబ్సన్-జాబ్సన్'. ఆ పేరే ఓ తమాషా. మొహర్రం ఊరేగింపుల్లో 'యా హసన్! యా హుసేన్!' అన్న రోదన తెల్ల సిపాయిల నోట హాబ్సన్-జాబ్సన్ అయింది. హసన్‌ని హాబ్సన్ చేసినవాళ్లకి పందిని బాండి చేయడం ఒక లెక్కా?

ఆ నిఘంటువు బాండికూట్‌ను తెలుగు 'పంది-కొక్కు'కు వచ్చిన అపభ్రంశమని తేల్చేసింది. ఆ పేరు రాకముందే ఈ జంతువు విదేశీయుల్ని ఎలా బెదరగొట్టిందో కూడా చెప్పింది. 14వ శతాబ్దంలో జోర్డానస్ అనే క్రైస్తవ సన్యాసి మనదేశంలో నక్కలంత ఎలుకలున్నాయని రాసుకున్నాడు. అదే శతాబ్దంలో వచ్చిన ఇబ్న్ బతూతా దేవగిరి కోట చెరసాలలోని ఎలుకలు పిల్లులకంటే పెద్దవని, వాటిని చూసి పిల్లులే పారిపోతాయని రాశాడు. ఆ చెరసాలలో పడి బయటపడిన ఒకాయన, రాత్రిళ్లు అవి తన మీదికి వచ్చేవని ఆయనకు చెప్పుకున్నాడట. ఇద్దరూ జంతువుని చూశారు, దానికి తగిన పేరు మాత్రం వాళ్లకు దొరకలేదు. పేరు దొరికింది ఇంగ్లిష్‌వాళ్లకి. 1789లో ఇన్నెస్ మన్రో అనే సైనికాధికారి కోరమాండల్ తీరపు యుద్ధాల గురించి ప్రచురించిన పుస్తకంలో బాండికూట్ అచ్చులో కనిపిస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ జంతువు తమిళులకు పెరుచ్చాళి, కన్నడిగులకు హెగ్గణ, మరాఠీలకు ఘూస్. దేశమంతటా ఉన్న జంతువుకు అన్ని పేర్లుండగా ఇంగ్లిష్‌వాళ్లు ఎంచుకున్నది తెలుగు పేరు. అంటే దాన్ని తెలుగువాడి నోట విన్నారన్నమాట. ఎక్కడ విని ఉంటారు? నిఘంటువు భాష పేరే చెబుతుందిగానీ ఊరి పేరు చెప్పదు. కానీ తెలుగువాళ్లూ తెల్లవాళ్లూ సరుకు దగ్గర భుజం భుజం రాసుకుని తిరిగిన పాత చోటు ఏదంటే బందరు పేరే ముందు చెప్పాలి. 1605లో డచ్చివాళ్లు వచ్చారు. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' వచ్చింది. 1669లో ఫ్రెంచివాళ్లు దిగారు. అద్దకపు బట్టల మూటలు, ధాన్యం బస్తాలు ఓడ వచ్చేదాకా నెలల తరబడి గిడ్డంగుల్లోనే ఉండేవి. బట్టనూ ధాన్యాన్నీ ఒకచోట కుప్పపోసి, పక్కన మట్టినేల ఉంచితే ముందుగా ఎవరొస్తారో మన ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి!

పంది ఎంత పాతది?

ఇంగ్లిష్ దాకా వెళ్లింది సరే, అసలు మన దగ్గరికి ఎక్కణ్నుంచి వచ్చింది? పంది చాలా పాత మాట. తమిళంలో పన్రి, మలయాళంలో పన్ని, తుళులో పంజి, గోండులో పద్ది. కన్నడిగులు హంది అంటారు. వాళ్లు మన పాలును హాలు, పువ్వును హూవు, పల్లును హల్లు చేసినట్టే పందిని హంది చేశారు. పాత కన్నడంలో అదీ పందే. ఇన్ని అక్కచెల్లెళ్ల ఇళ్లలో ఒకే మాట ఉందంటే అది పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే. ఈ భాషలన్నీ విడిపోకముందు మాట్లాడిన మూలద్రావిడంలోనే ఆ మాట ఉందని భాషావేత్తల నిర్ణయం. బరో, ఎమెనో 1961లో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఇవన్నీ ఒకే పంక్తిలో కూర్చుని కనిపిస్తాయి. మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు జీవితమంతా చేసింది ఇలాంటి చుట్టరికాలు కలిపే పనే. అంటే బాండికూట్ అన్న ఇంగ్లిష్ మాటలో సగం, సంస్కృతంతోనో లాటిన్‌తోనో పనిలేకుండా నేరుగా వేల ఏళ్ల వెనక్కి వెళ్తుంది.

రెండో సగం కొక్కు. పెద్ద ఎలుకకు అచ్చ తెలుగు పేరు. ఎలుకనెక్కి తిరిగే వినాయకుణ్ని 'కొక్కురౌతు' అనడమూ మన భాషలో ఉంది. పంది ఎందుకు చేరిందంటారా? ఒళ్లు చూసి కొంత, గొంతు విని కొంత. పెద్ద పందికొక్కు తోక కాకుండానే అడుగు పొడవుకు దగ్గరగా పెరుగుతుంది. కిలో దాకా తూగుతుంది. బెదిరిస్తే గుర్రుగుర్రుమంటుంది. మూతితో, కాళ్లతో నేలను పెళ్లగించే తీరు కూడా పందిదే. పేరు పెట్టినవాడు దూరం నుంచి చూసి పెట్టలేదు.

అన్నట్టు బందరుకు ఇంకో సంబంధమూ ఉంది. 1820ల మొదట్లో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడ ఉద్యోగం చేశాడు. తర్వాత ఆయన కూర్చిన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువులో పందికొక్కుకు అర్థం బాండికూట్ అని ఉంటుంది. మన మాటకు అర్థం చెప్పడానికి మన మాటనే తిప్పి వాడుకోవాల్సి వచ్చింది పాపం! అంతలోనే శాస్త్రవేత్తలూ చెయ్యి వేశారు. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే జంతు శాస్త్రజ్ఞుడు ఈ జాతికి 'బాండికోటా' అని పేరు పెట్టాడు. లాటిన్ పంచె కట్టుకున్నా మొలతాడు తెలుగుదే.

సముద్రం దాటాక సంచీ వచ్చింది

ఇక్కడితో ఆగితే ఇది మామూలు కథే. 1799లో జార్జ్ బాస్ అనే ఇంగ్లిష్ ఓడ వైద్యుడు ఆస్ట్రేలియాలో మూతి సాగిన, నేలను తవ్వే ఓ చిన్న జంతువుని చూశాడు. ఆస్ట్రేలియాకూ టాస్మానియాకూ మధ్యనున్న బాస్ జలసంధికి ఆయన పేరే పెట్టారు. ఆ జంతువుని చూడగానే ఇండియా నుంచి వచ్చి ఇంగ్లిష్‌లో స్థిరపడిన బాండికూట్ గుర్తొచ్చింది. అదే పేరు పెట్టేశాడు.

నిజానికి దానికీ మన పందికొక్కుకూ ఏ చుట్టరికమూ లేదు. మనది ఎలుక జాతి. అది కంగారూలాగా పొట్ట సంచిలో పిల్లల్ని పెంచే జంతువు. దాని సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. మట్టి తవ్వేటప్పుడు పిల్లల కళ్లలో దుమ్ము పడకూడదు కదా! వాటిలో కొన్నిటికి గర్భం పన్నెండున్నర రోజులే. పురుగులు, దుంపలు తిని బతికే సాధుజీవి. మన పేరు మోస్తోందిగానీ మన పందికొక్కు చేసిన పాపాలేవీ చేయలేదు.

అయినా అక్కడివాళ్లు ఆ మాటను బాగా సొంతం చేసుకున్నారు. దిగాలుగా ఉన్నవాణ్ని 'బాండికూట్‌లా ఉన్నాడు' అంటారు. పొలంలో ఆలుగడ్డ మొక్కల్ని పైన చెక్కుచెదరకుండా నిలబెట్టి, కింద గడ్డల్ని మాత్రం దొంగతనంగా తవ్వుకుపోవడాన్ని 'బాండికూటింగ్' అంటారు. మనవాళ్ల 'గాదె కింద పందికొక్కు'కు ఇది అన్నో తమ్ముడో. పైన అంతా భద్రం, లోపల అంతా గుల్ల! ఒకరినొకరు ఎరగని రెండు దేశాల రైతులు ఒకే మాటలో ఒకే దొంగను చూశారు.

ఇంకో విడ్డూరం వినండి. ఆస్ట్రేలియాలో ఒకరకం బాండికూట్‌కు ముందు కాళ్లకు పందికి ఉన్నట్టే రెండేసి గిట్టలుండేవి. దాన్ని 'పందికాళ్ల బాండికూట్' అన్నారు. అంటే తెలుగులో 'పందికాళ్ల పందికొక్కు'. పేరు పెట్టినవారికి అందులో పంది ముందే ఉందని తెలియదు మరి! ఆ జీవి ఇప్పుడు లేదు. 1901 తర్వాత నమూనాలు దొరకలేదు. తర్వాత అది అంతరించిపోయింది. చారల బాండికూట్ ఒకటి కూడా ఆ దారిలోనే పోబోయింది. విక్టోరియా రాష్ట్రంలో దాన్ని అడవిలో అంతరించినట్టే లెక్కవేశారు. పట్టువదలకుండా పెంచి, నక్కలు చొరబడని కంచెల్లోనూ దీవుల్లోనూ వదిలారు. 2021లో దాన్ని ఆ జాబితాలోంచి తీసి 'ముప్పులో ఉన్నది' అనే మెట్టు పైకి తెచ్చారు.

మన పిల్లలకు మాత్రం బాండికూట్ తెలిసింది వేరే దారిలో. 1996లో ప్లేస్టేషన్ మీద వచ్చిన 'క్రాష్ బాండికూట్' ఆటలో నారింజ రంగు జంతువు గెంతుతూ యాపిల్ లాంటి పళ్లు ఏరుకుంటుంది కదా, అది ఆస్ట్రేలియా బాండికూటే. గుడివాడలో రిమోట్ పట్టుకుని దాన్ని ఆడించే కుర్రాడికి 'అది మన పందికొక్కు పేరురా' అని చెప్పి చూడండి, నమ్మడు. 2018లో కేరళ యువకులు మ్యాన్‌హోళ్లు శుభ్రంచేసే రోబోను తయారుచేసి దానికీ బాండికూట్ అనే పేరు పెట్టారు. మనిషి దిగకూడని చోట దిగే యంత్రానికి అంతకంటే తగిన పేరు దొరకదు. ఆస్ట్రేలియా దాకా పోయిన మాట తిరిగొచ్చి మన పక్కింట్లో పనికి కుదిరింది.

కట్ట మీద కాపలా

మాట ప్రపంచం చుట్టి వచ్చిందిగానీ, జంతువు మాత్రం ఇక్కడే ఉంది. సార్వా వరి పొట్టమీదకొచ్చే వేళకు డెల్టాలో గట్ల వెంబడి కొత్త మట్టి కుప్పలు కనిపిస్తాయి. పెద్ద పందికొక్కు ఇళ్ల చుట్టూ తిరిగితే, దాని చిన్న తమ్ముడు పొలాల్లో కాపురం పెడతాడు. దుబ్బులు కొరికి పడేయడం ఒక నష్టం. కోతల ముందు వెన్నులు తుంచి బొరియల్లో దాచుకోవడం ఇంకో నష్టం. వరి తర్వాత మినుముకూ తిప్పలు తప్పవు.

పూర్వం ధాన్యం గాదెల్లోనూ, గడ్డివెంటితో చుట్టిన పురుల్లోనూ ఉండేది కాబట్టి ఇంటిల్లిపాదికీ ఈ శత్రువుతో ముఖపరిచయం ఉండేది. ఇప్పుడు కళ్లం నుంచే బస్తాలు మిల్లుకు వెళ్లిపోతున్నాయి. గాదెలు పోయాయి, పురులు పోయాయి. పందికొక్కు మిగిలింది ఎన్నికల ఉపన్యాసాల్లో ఎదుటి పార్టీని తిట్టడానికే!

పట్టే పనితనం యానాదులది. బొరియకు ఎన్ని నోళ్లున్నాయో చూసి, ఒక్కటి మినహా అన్నీ మూసేస్తారు. అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి రాజేసి ఆ నోట బోర్లించి పొగ ఊదుతారు. ఊపిరాడక బయటపడ్డదాన్ని పట్టుకుంటారు. తర్వాత తవ్వి, లోపల దాచిన వెన్నుల్ని కూడా తీస్తారు. మందు ఎర వేస్తే ఎలుక చస్తుంది, అంతే. ధాన్యం తిరిగి రాదు. డెల్టా పొలాలను ఇంత దగ్గరగా చదివిన ఈ చేతుల నేర్పును పాఠాల్లోకి ఎక్కించినవాళ్లు తక్కువే.

దివిసీమలో దీని భయం పంటతో ఆగదు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిని చుట్టేస్తుంది. నదికీ ఊళ్లకూ మధ్య ఉన్నది మట్టి కరకట్ట. మామూలు రోజుల్లో కట్టలో ఒక బొరియ ఉంటే ఎవరికీ పట్టదు. వరద ఆ ఎత్తుకు వచ్చిన రోజున నీళ్లు దాన్ని పట్టుకుని లోపలికి దూరుతాయి. అవతలివైపు ముందు చెమ్మ, తర్వాత బుడబుడమని బుంగ, ఆ వెనకే గండి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు దాటి ఆ రికార్డునూ చెరిపేసింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న సీమకు నీరు ఏ వైపు నుంచి వచ్చినా నిద్ర పట్టదు. అలాంటి రాత్రుల్లో కట్ట మీద తిరిగేవాళ్లు ఎగువన ఎంత నీరు వదిలారని ఫోన్లలో కనుక్కుంటూనే, టార్చిలైటు మాత్రం నది వైపు కాకుండా కట్ట అవతలి పాదం మీద వేసి చూస్తారు. ఎక్కడైనా మట్టినీళ్లు ఊరుతుంటే, ఇసుక బస్తా పడేది ముందుగా అక్కడే.